మా వేలిముద్ర

పంచాయతీ ఖర్చుపెట్టిన సొమ్ముకు వినియోగ ధ్రువపత్రం గ్రామసభే ఇవ్వాలని 1996 నాటి పెసా చట్టం చెబుతోంది. మరి మేమేం చేశాం? సిమెంటు రోడ్డు బిల్లు కోసం తీర్మానాల పుస్తకం ఇంటింటికీ తిరిగింది. సభ జరగలేదు, వేలిముద్రలు మాత్రం వేశాం. రోడ్డు కొండవాలు దగ్గరే ఆగింది. పైగూడేనికి ఇప్పటికీ డోలీయే. చూడనిదానికి సాక్ష్యం చెప్పినట్టే కదా!

డబ్బు ఢిల్లీది, మనకెందుకని సర్దిచెప్పుకున్నాం. పదిహేనో ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం నీటికి, పారిశుధ్యానికే కట్టేశారు, నిజమే. మిగతా 40 శాతం మీదైనా మాట మనదే. పన్ను కట్టనివాళ్లకు లెక్కలెందుకని కొందరంటారు. సంతలో సబ్బు కొన్నా పన్ను కడుతున్నాం. కట్టకపోయినా, డోలీ మోసేది మేమే కదా?

మొన్న పుస్తకం మళ్లీ వచ్చింది. ముందు సభ పెట్టి, ఎం.బుక్కు చదివి వినిపించమన్నాం. ఇంకా తేలేదు.