లోడ్ మీద చూడాల

నాది 1998 మోడల్ మారుతి 800. ఆ కారు తయారీ 2014లోనే ఆగిపోయింది. నేనుండేది నంద్యాలలో, పాఠాలు చెప్పేది ఆళ్లగడ్డలో. పోనూ రానూ రోజుకి సుమారు 80 కిలోమీటర్లు. నంద్యాల జిల్లా అయిన ఏడాది, అంటే 2022 వానాకాలంలో, ఒక సాయంత్రం తిరిగొస్తుంటే శిరివెళ్ల దగ్గర స్పీడోమీటర్ ముల్లు గజగజా వణికి సున్నాకి పడిపోయింది. కారు మాత్రం నడుస్తూనే ఉంది. హెడ్‌లైట్లు సన్నబడ్డాయి. పెట్రోలు ముల్లు కిందికి దిగింది. ఇల్లు చేరేసరికి అన్నీ మామూలైపోయాయి.

మర్నాడు మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. బానెట్ ఎత్తి చూశాడు, లైట్లు వేసి చూశాడు. "బాగానే ఉంది కదా మేడమ్, మరింకేం?" అన్నాడు. మూడుసార్లు వెళ్లాను, మూడుసార్లూ అదే మాట. ఎప్పుడు జరిగింది, అప్పుడు వాన ఉందా, వైపర్లు తిరుగుతున్నాయా అని నోట్‌బుక్ వెనక పేజీల్లో రాసుకున్నాను. అది చూపించబోతే నవ్వాడు. నాలుగోసారి నా భర్త వచ్చి, నేను చెప్పిన మాటలే చెప్పాడు. వెంటనే డాష్‌బోర్డు విప్పి మీటర్ మార్చేశాడు. వారం తిరక్కుండా ముల్లు మళ్లీ పడిపోయింది.

ఇందులో మొదటి సగం మనకి కొత్త కాదు. తత్వవేత్త మిరాండా ఫ్రికర్ 2007లో వచ్చిన తన పుస్తకంలో దీన్ని ఒక ప్రత్యేకమైన అన్యాయంగా గుర్తించింది. చెప్పేది ఎవరన్నదాన్ని బట్టి, ఉన్న దురభిప్రాయం వల్ల, వాళ్ల మాటకి విలువ తగ్గించేయడం. తెలుసుకోగల మనిషిగా ఆమెకి జరిగే అవమానం అది. కానీ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది రెండో సగం. నా భర్త మాటని మెకానిక్ నమ్మాడు. అయినా కారు బాగుపడలేదు. అతను నమ్మాడే గానీ ఏమీ అడగలేదు.

మెకానిక్ వైపు నుంచీ చూడాలి. కళ్లెదుట లేని జబ్బుకి ఎవరైనా మందు ఎలా వేస్తారు? పైగా నేను చెప్పినదాంట్లో సగం తప్పు. "మీటర్ పోయింది" అన్నాను. నిజానికి మీటర్‌కి ఏమీ కాలేదు. ఇక్కడ రెండు సంగతులు కలగాపులగం అవుతున్నాయి. ముల్లు పడిపోయిందన్నది నేను చూసిన విషయం. మీటర్ పోయిందన్నది నా ఊహ. ఊహ తప్పైనంత మాత్రాన చూసింది అబద్ధమైపోదు. కానీ ఆడవాళ్ల విషయంలో ఎప్పుడూ జరిగేది ఇదే. కారణం సరిగ్గా చెప్పలేకపోతే అసలు జరగనే లేదంటారు.

ఆళ్లగడ్డలో ఒక ముసలి ఎలక్ట్రీషియన్ ఉన్నాడని తోటి అధ్యాపకురాలు చెప్పింది. ఆయన బానెట్ ఎత్తలేదు. "ఎప్పుడెప్పుడు చేస్తాందిమ్మా? అప్పుడు ఏమేం ఏసుకోనింటివి?" అని అడిగాడు. నోట్‌బుక్ తీసుకుని మొత్తం చదివించుకున్నాడు. రాత్రి, వాన, లైట్లూ వైపర్లూ కలిసి. పొద్దున స్టార్టర్ నీరసంగా తిరగడం. "ఊరికే నిలబెట్టి చూస్తే ఏం కనపడదు. లోడ్ మీద చూడాల" అన్నాడు.

ఇంజన్‌నీ కారు బాడీనీ కలిపే ఎర్త్ తీగ ఒకటుంటుంది, జడలా అల్లిన రాగి తీగ. మీటర్ పెట్టి నిరోధం కొలిస్తే అది సున్నా దగ్గరే చూపించింది. రెండు పోగులు మిగిలి ఉన్నా ఆ చిన్న పరీక్షకి చాలు. అప్పుడు నన్ను తాళం తిప్పమని, ఇంజన్‌కీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య వోల్టేజి చూశాడు. అర వోల్టు కూడా దాటకూడనిది 2 వోల్టులు దాటింది. బోల్టు కింద తీగ పచ్చగా చిలుం పట్టి, పోగులు తెగి ఉంది. బరువు పడితే వేడెక్కి పట్టు వదులుతుంది, చల్లారితే మళ్లీ అతుక్కుంటుంది.

మరి స్పీడోమీటర్? ఆ కాలం మీటర్‌లో ముల్లుకి కరెంటుతో పని లేదు. గేర్‌బాక్స్ నుంచి వచ్చే కేబుల్ తిరుగుతూ లోపలి అయస్కాంతాన్ని తిప్పుతుంది, ఆ ఈడ్పుకి ముల్లు లేస్తుంది. అందుకే మొదటి మెకానిక్ లైట్లు వేరు, ముల్లు వేరు అన్నాడు. పుస్తకం ప్రకారం అది నిజమే. కానీ ఎర్త్ తెగిన కరెంటు ఆగదు, దొరికిన ఇనుము పట్టుకుని వెనక్కి వెళ్తుంది. యాక్సిలరేటర్ కేబుల్, చోక్ కేబుల్, స్పీడోమీటర్ కేబుల్, ఏదైనా సరే. వాటి పని అది కాదు. అయినా మోస్తాయి, వేడెక్కుతాయి. నా కేబుల్‌లో గ్రీజు ఎండి, పై తొడుగు మెత్తబడి, లోపలి తీగ పట్టేస్తోంది.

అప్పుడప్పుడు మాత్రమే కనిపించే బాధకి సాక్ష్యం తేవడం ఎంత కష్టమో ఆడవాళ్లకి తెలుసు. నలుగురిలో ఎంతో మర్యాదగా ఉండే భర్త గురించి భార్య ఏం చెప్పగలదు? వచ్చిపోయే గుండెదడ డాక్టర్ ముందు రాకపోతే ఏం చూపించగలదు? ఆగి ఉన్నప్పుడు పరీక్షించి, ఏమీ లేదని తేల్చేస్తాం. బరువు మోస్తున్నప్పుడు పక్కన ఉండం.

"తేల్చేస్తాం" అని కావాలనే రాశాను. ఆ ఏడాదే ఫైనలియర్ అమ్మాయి ఒకతి, క్లాసులో అప్పుడప్పుడు కళ్లు చీకట్లు కమ్ముతున్నాయని నాతో చెప్పింది. పరీక్షలు చేయించుకున్నావా అని అడిగాను. "చేయించుకున్నాను మేడమ్, ఏమీ లేదన్నారు." నేనేమన్నానో స్పష్టంగా గుర్తుంది. "మరింకేం?" అన్నాను. పొద్దున ఎన్నింటికి లేస్తుందో, ఏం తిని బస్సెక్కుతుందో, ఇంట్లో ఎవరి పని తన మీద పడిందో అడగలేదు. పరీక్షల ముందు చదువు మానేసింది.

తీగ మార్చడానికి అరగంట పట్టింది. కారు ఇప్పుడు బాగా నడుస్తోంది. క్లాసులో ఎవరైనా "అప్పుడప్పుడు" అంటే, ఎప్పుడెప్పుడు అని అడగడం నేర్చుకున్నాను. ఆ అమ్మాయికి ఏమైందో మాత్రం నాకు తెలియదు. నాకు చెప్పింది, నేనే అడగలేదు.