కొలత ఎవరిది?

జాకెట్టు కుట్టించుకోవడానికి వెళితే దర్జీ ముందు కొలత తీసుకుంటాడు. పక్కింటావిడ కొలతకు కుట్టేసి, "ఊరికే ఇస్తున్నాం కదమ్మా, వేసుకో" అంటే మనం ఊరుకుంటామా? మరి చక్రాల కుర్చీ దగ్గరికి వచ్చేసరికి ఈ ఇంగితం ఎక్కడికి పోతుందో! షామియానా వేస్తారు, మైకు పెడతారు, ఒకే సైజు కుర్చీలు వరసగా నిలబెడతారు. పన్నెండేళ్ల పిల్లకీ అదే, నలభై ఏళ్ల మనిషికీ అదే. ఫోటోలో తేడా తెలియదు కాబోలు.

కొలత చూడని సాయం సాయమేనా అన్నది నా సందేహం. ఇచ్చేవాడి మనసు మంచిదైతే చాలదా అంటారు కొందరు. మంచి మనసు ఇచ్చేవాడిది. రోజంతా కూర్చోవలసిన నడుము మాత్రం ఇంకొకరిది. సరిపడని కుర్చీలో వెన్ను వంగుతుంది, ఒరిపిడికి పుండ్లు పడతాయి. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో చక్రాల కుర్చీ ఇవ్వడానికి 8 అంచెలు చెప్పింది. కొలవడం, అమర్చి చూడడం, వాడడం నేర్పడం, పాడైతే బాగుచేయడం అన్నీ అందులో ఉన్నాయి. దండలు మాత్రం లేవు.

మా ధర్మవరం సంగతే తీసుకోండి. పట్టుచీర నేసే మనిషి మగ్గం గుంటలోకి కాళ్లు దించి, పలకలు తొక్కుతూ నేస్తాడు. అటువంటివాడికి మోకాలి కింద కాలు పోయిందనుకోండి. చక్రాల కుర్చీ అతన్ని గుంట ఒడ్డుదాకా తీసుకుపోతుంది, అంతే. అతనికి కావలసింది తొక్కడానికి వంగే పాదం. 1968లో జైపూరులో రామచంద్రశర్మ అనే హస్తకళాకారుడూ, డాక్టర్ పి.కె. సేథీ కలిసి చేసిన కాలు గొప్పతనం అక్కడే ఉంది. అంతకుముందున్న విదేశీ పాదానికి బూటు తొడగాలి. అది గొంతుకూర్చోనివ్వదు, బాసింపట్టు వేయనివ్వదు. మనవాళ్లు వట్టికాళ్లతో మడిలోకి దిగుతారు, నేలమీద కూర్చుని అన్నం తింటారు. ఆ బతుకు చూసి రబ్బరు పాదం చేశారు. శర్మ పెద్ద చదువులు చదివినవాడు కాదు. చూడ్డం తెలిసినవాడు.

"అడిగితే అందరూ మోటారు బండే కావాలంటారమ్మా" అన్నాడు ఓ పెద్దమనిషి నాతో. ఆయనకు రెండు కార్లున్నాయి, ఎందుకని ఎవరూ అడగలేదు. హిందూపురం మార్కెట్టులో చింతపండు బేరం చేసుకునే మనిషి, చేత్తో తిప్పే బండి మీద ఎండలో ఎంత దూరం పోగలడు?

1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్ నెలకొల్పిన సంస్థ పల్లెల్లో వికలాంగుల చేత సంఘాలు కట్టించింది. పదిమంది చాపమీద కూర్చుని, ఎవరికేం కావాలో తామే చెప్పుకోవడం చిన్న సంగతి కాదు. (దివ్యాంగులనీ, విభిన్న ప్రతిభావంతులనీ ఈ మధ్య పేర్లు మార్చారు. పేరు మార్చడానికి ఖర్చు లేదు కదా.) రాష్ట్రంలో 2024 జూలైలో వికలాంగుల పింఛను 3,000 నుంచి 6,000 రూపాయలైంది. దాంతో ఏం కొనుక్కోవాలో వాళ్లిష్టం, అది నాకు నచ్చింది.

కానీ ఆరువేలు పెట్టి ఎవరూ ఆఫీసు ముందర వాలుదారి కట్టించలేరు. పేరుకు పెనుకొండ ఒక్క ఊరే గానీ, చక్రాల మీద వచ్చినవారికి మెట్లున్న ప్రతి ఆఫీసూ పెనుకొండే. 2016 చట్టం ఉన్న భవనాలన్నిటినీ 5 ఏళ్లలో సరిచేయమంది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, ఈ ఏర్పాట్లు ఇష్టముంటే చేసేవి కావు, విధిగా చేయవలసినవేనని చెప్పింది.

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం మూడూ ఒకే రైలు దారిలో ఉన్నాయి. చాలా రైళ్లలో వికలాంగుల పెట్టె ముందు కొసనో వెనక కొసనో ఉంటుంది. కర్రల మీద నడిచే మనిషి ప్లాట్‌ఫారం పొడవునా పోయి దాన్ని అందుకోవాలి, రైలాగే ఆ కాసేపట్లోనే. ఆ పెట్టె అక్కడ ఉండాలని నిర్ణయించేటప్పుడు, కర్రల మీద నడిచే ఒక్కరినైనా పిలిచి అడిగారా?