నోరు లేని నొప్పి

డోలీలో కొండ దిగి, రోడ్డు మీద 108 ఎక్కి క్యాజువాలిటీ చేరేసరికే మన మనిషి సగమైపోతాడు. అక్కడ ముందు వచ్చినవారిని కాక, ప్రాణం మీదకు వచ్చినవారిని ముందు చూస్తారు. ఆ పద్ధతి న్యాయమైనదే. కానీ ఎవరికి ప్రాణం మీదకు వచ్చిందో ఎలా తెలుస్తుంది? నాడి, బీపీ కొంత చెబుతాయి. మిగతాది రోగే చెప్పాలి.

మన పెద్దలు నొప్పిని పళ్ల బిగువున ఓర్చుకుంటారు. కొందరికి కువి, కోయ, సవర తప్ప వేరే మాట రాదు. మూలన ఊరుకున్నవారికి నొప్పి తక్కువనుకుని, అరిచేవారి దగ్గరకు సిస్టర్లు పరుగెడతారు. వారికి చెడు ఉద్దేశం ఉండదు. అయినా అన్యాయం జరిగిపోతుంది.

ప్రాణాపాయంలో ఉన్నవారికి వైద్యం ఆలస్యం చేయరాదని సుప్రీంకోర్టు 1989లో చెప్పింది. సర్కారు ఆసుపత్రి సకాలంలో వైద్యం అందించకపోతే జీవించే హక్కుకు భంగమేనని 1996లో తేల్చింది. హక్కు ఉన్నా, బాధ చెప్పుకునే మాట లేకపోతే అది మనదాకా ఎలా వస్తుంది?

"ఎక్కడ నొప్పి? ఎప్పటినుంచి?" అని తన భాషలో అడిగితే చాలు, ముసలమ్మ చెయ్యి పొట్ట మీదకు పోతుంది. అలా అడగడమూ వైద్యంలో భాగమే. మన భాషలు వచ్చినవారిని క్యాజువాలిటీలో పెట్టమని అడుగుదాం. అందాకా చదువుకున్న మనం రోగి పక్కన నిలబడి, వారి మాటను వారు చెప్పినట్టే డాక్టరు చెవిన వేద్దాం.