గాజు తొట్టెలోని అమానతు

నేల మీద నడిచేవాటికీ, గాలిలో ఎగిరేవాటికీ, నీటిలో ఈదేవాటికీ ఉపాధి సమకూర్చే అల్లాహ్‌కే సకల స్తోత్రాలు. అంతిమ దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) పై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై అల్లాహ్ శాంతి శుభాలు కురిపించుగాక!

హైదరాబాదు ఎస్.ఆర్. నగర్ నుంచి ఒక సోదరి మమ్మల్ని ఒక విషయం అడిగారు. వారి ఇంట్లో పిల్లవాడు ముచ్చటపడి తెచ్చుకున్న ఒరాండా జాతి గోల్డ్‌ఫిష్ ఉంది. నాలుగు రోజులుగా అది పొట్ట పైకి పెట్టి తలకిందులుగా తేలుతోంది. ఇంటికి రావలసిన బలా అది తన మీద వేసుకుంది, అలాగే పోనివ్వమని అత్తగారు అంటున్నారు. వంద రూపాయల చేపకు ఇంత హైరానా దేనికి, టాయిలెట్‌లో వేసి నీళ్లు వదలమని భర్త అంటున్నారు. పిల్లవాడు అన్నం ముట్టడం లేదు. ఇందులో దీన్ ఏం చెబుతుందన్నది ఆ సోదరి ప్రశ్న.

కొందరు పాఠకులకు ఇది నవ్వు తెప్పించవచ్చు. నమాజు, జకాతు, వారసత్వం వంటి పెద్ద మస్‌అలాల మధ్య చేప సంగతేమిటని అనిపించవచ్చు. కాని ఈ ఒక్క చేపలో మూడు సంగతులు ఇమిడి ఉన్నాయి: మన బాధ్యత, మన అఖీదా, మన పిల్లల తర్బియతు.

బంధించినవాడే జవాబుదారీ

ఒక పిల్లి కారణంగా నరకానికి పోయిన స్త్రీ గురించి దైవప్రవక్త (సఅసం) తెలిపారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమర్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. అందులోని నేరాన్ని శ్రద్ధగా గమనించాలి. ఆమె పిల్లిని బంధించింది. తాను తిండి పెట్టలేదు. పోయి నేల మీది పురుగూ పుట్రా తినడానికి వదిలిపెట్టనూ లేదు. అంటే స్వయంగా బతికే దారి మూసేసి, తన వంతు బాధ్యతనూ వదిలేసింది.

చెరువులో ఉన్న చేపకు నీరు చెడితే మరో చోటికి పోతుంది. తొట్టెలోని చేప ఎక్కడికి పోతుంది? దాని ఆకాశమూ భూమీ ఆ గాజు పలకల మధ్యే. దాని తిండి, దాని నీరు, దాని శ్వాస అన్నీ మన చేతిలో ఉన్నాయి. కనుక అది మన దగ్గర అమానతు. దుకాణంలో డబ్బులు చెల్లించిన నాడే ఆ అమానతు మన మెడకు చుట్టుకుంది.

అసలు అలా పెంచడమే తగదేమోనని కొందరు సందేహిస్తారు. హజ్రత్ అనస్ (రజి) తమ్ముడు అబూ ఉమైర్ చిన్నతనంలో ఒక పిట్టతో ఆడుకునేవాడు. దైవప్రవక్త (సఅసం) ఆ పిల్లవాణ్ణి పలకరిస్తూ పిట్ట యోగక్షేమాలు అడిగేవారే తప్ప వారించలేదు. ఈ ఉల్లేఖనం ఆధారంగానే, కష్టపెట్టకుండా మేపుతూ పక్షిని పంజరంలో ఉంచుకోవచ్చని ఉలమాలు అభిప్రాయపడ్డారు. చేపకూ అదే వర్తిస్తుంది. అనుమతి ఉంది, దాని వెంట షరతూ ఉంది.

చేపకు నీరే గాలి

తిండి వేస్తున్నాం కదా, ఇంకేం కావాలని చాలామంది అనుకుంటారు. వాస్తవానికి ఇళ్లలో గోల్డ్‌ఫిష్‌లు ఆకలితో చనిపోవడం అరుదు. నీరు చెడి, తిండి ఎక్కువై చనిపోతాయి. చేప విసర్జించే మలినాల నుంచి, మిగిలిపోయిన తిండి నుంచి అమ్మోనియా పుడుతుంది. అది మొప్పలను కాల్చే విషం. ఫిల్టరులో స్థిరపడే సూక్ష్మజీవులు దాన్ని మొదట నైట్రైట్‌గా, తర్వాత అంతగా హాని చేయని నైట్రేట్‌గా మారుస్తాయి. కంటికి కనబడని ఈ జీవులను కూడా అల్లాహ్ ఒక సేవకు నియమించాడు! కొత్త తొట్టెలో అవి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మనం ఉదయం తొట్టె కొని సాయంత్రం చేపలు వదులుతాము. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద పెట్టి తళతళలాడేలా కడుగుతాము. క్లోరిన్ నీటికి ఆ జీవులు చనిపోతాయి. స్పాంజిని తొట్టెలోంచి తీసిన నీటిలోనే పిండాలి.

ఎస్.ఆర్. నగర్, అమీర్‌పేట ప్రాంతాల్లోని అపార్టుమెంట్లలో పరిస్థితి మీకు తెలిసిందే. జలమండలి నీరు క్లోరిన్‌తో వస్తుంది. చాలా సంపుల్లో దానితో బోరు నీరు కలుస్తుంది, ఎండాకాలం ట్యాంకరు నీరూ చేరుతుంది. ఈ రోజు నీరు నిన్నటి నీరు కాదు. కనుక కొత్త నీటిని బకెట్లో ఒక రోజు మూత లేకుండా ఉంచాలి, లేదా క్లోరిన్ విరిచే మందు చుక్కలు వేయాలి. తొట్టె నీటిని ఒకేసారి మొత్తం పారబోయకుండా వారానికి నాలుగో వంతు నుంచి సగం వరకు మార్చాలి. ఆ తీసిన నీరు మొక్కలకు మంచి ఎరువు, ఇస్రాఫ్ కూడా కాదు.

ఇక ఒరాండా, ర్యూకిన్, బ్లాక్‌మూర్ వంటి జాతుల సంగతి వేరు. ఇవి చైనాలో వెయ్యేళ్ల క్రితం నుంచి మనుషులు పెంచుతూ వచ్చిన కార్ప్ జాతి చేప సంతతి. అందం కోసం ఒళ్లు గుండ్రంగా, పొట్టిగా మారేలా జత కట్టించారు. ఆ పొట్టి ఒంటిలో పేగులు, ఈత తిత్తి ఇరుకుగా ఒదిగి ఉంటాయి. మలబద్ధకం వస్తే తిత్తి నొక్కుకుపోయి చేప తలకిందులవుతుంది. కొనేముందు ఇది తెలుసుకోవాలి. ఒక్క చేపకు కనీసం 75 లీటర్ల నీరు కావాలి. గుండ్రటి చిన్న గాజు గిన్నె దానికి ఇల్లు కాదు, చెరసాల. బాగా చూసుకుంటే పది, పదిహేనేళ్లు బతకగల ప్రాణిని మనం పది వారాల్లో పోగొట్టుకుంటున్నాము.

మరొక మాట. సూదితో రంగు ఎక్కించిన చేపలు, హృదయాకారం కోసం తోక కత్తిరించిన చేపలు కూడా బజారులో దొరుకుతాయి. జంతువుల అవయవాలు ఖండించే వారిని దైవప్రవక్త (సఅసం) శపించారు. అలాంటివి కొనకండి. కొనేవాడు లేకపోతే కోసేవాడూ ఉండడు.

చికిత్స చేయించడం సున్నతు

అల్లాహ్ ఏ వ్యాధినీ దానికి నివారణ లేకుండా దింపలేదని దైవప్రవక్త (సఅసం) బోధించారు. ఆ సోదరికి మేము చెప్పేదేమిటంటే, ముందు నీటిని పరీక్షించండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. ఏది కనిపించినా వెంటనే కొంత నీరు మార్చండి. రెండు మూడు రోజులు మేత ఆపండి. ఇది ఆకలితో చంపడం కాదు, పేగులకు విశ్రాంతి. తర్వాత ఉడికించి తొక్క తీసిన బఠాణీ గింజను నలిపి కొద్దిగా పెట్టండి. పైన తేలే గుళికలు వేసేటప్పుడు ముందుగా నానబెట్టండి. రెండు నిమిషాల్లో తినగలిగినంతే వేయండి. ఎయిర్ పంపు ఆపవద్దు. వేడి నీటిలో ప్రాణవాయువు తక్కువగా కరుగుతుంది. నలభై డిగ్రీలు దాటే మన ఎండాకాలంలో తొట్టెను కిటికీ ఎండకు దూరంగా ఉంచండి.

జబ్బుపడిన చేపను వేరే టబ్బులో ఉంచడం మంచిది. జబ్బుపడ్డ ఒంటెలను ఆరోగ్యంగా ఉన్న ఒంటెల దగ్గరికి తోలరాదని దైవప్రవక్త (సఅసం) ఆదేశించిన సంగతి గుర్తుంచుకోండి. అవసరమైతే ఆ టబ్బులో లీటరుకు ఒకటి నుంచి మూడు గ్రాముల సాదా ఉప్పు కరిగించవచ్చు. ఇంట్లో ఉన్న మనుషుల మాత్రలు మాత్రం నలిపి వేయకండి. తెలియని మందు కూడా జులుమే. చేపల జబ్బులు తెలిసిన పశువైద్యుణ్ణి అడగండి.

బలా చేప మీదికి పోతుందా?

ఆ అత్తగారి మాట చాలా ఇళ్లలో వినబడుతోంది. తొట్టెలో చేప చస్తే ఇంటి గండం గడిచిందని, ఫలానా రంగు చేప బర్కతు తెస్తుందని, తొట్టెను ఫలానా దిక్కున పెట్టాలని చెప్పుకుంటున్నారు. పెద్దలను గౌరవిస్తూనే చెబుతున్నాము, దీనికి ఇస్లాంలో ఆధారం లేదు. లాభనష్టాలు అల్లాహ్ చేతిలోనే ఉన్నాయి.

హిజ్రీ 10వ సంవత్సరంలో దైవప్రవక్త (సఅసం) ముద్దుల కుమారుడు ఇబ్రాహీం మరణించిన రోజే సూర్యగ్రహణం పట్టింది. ఆ మరణం వల్లే గ్రహణం పట్టిందని జనం అనుకున్నారు. దైవప్రవక్త (సఅసం) అంత దుఃఖంలోనూ ఆ మాటను సాగనివ్వలేదు. ఎవరి చావు వల్లగాని, పుట్టుక వల్లగాని గ్రహణం పట్టదని ప్రజలకు వివరించారు. ప్రవక్త కుమారుని మరణానికే ఆకాశంలో ముడి పెట్టకూడదంటే, చేప చావుకు మన తలరాతను ముడి పెట్టడం ఎలా తగుతుంది?

ఈ నమ్మకం అఖీదాను పాడుచేయడంతో ఆగదు. ప్రాణినీ చంపుతుంది. చేప చావడమే ఇంటికి మేలు అనుకున్నవాడు దానికి నీళ్లు ఎందుకు మారుస్తాడు?

ఖర్చు, ఓపిక

వంద రూపాయల చేపకు రెండు వందల మందా అన్న భర్త ప్రశ్నలోనూ కొంత న్యాయం ఉంది. పొరుగువాడు పస్తుండగా ఆక్వేరియం అలంకారాల కోసం వేలు పోయడం ఇస్రాఫే. కాని అలంకారం వేరు, హక్కు వేరు. హిజ్రీ 660లో మరణించిన ఇమామ్ ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ మనుషులపై జంతువులకున్న హక్కులను వివరిస్తూ, అది ముసలిదై లేక జబ్బుపడి ఏ ప్రయోజనానికీ పనికిరాకపోయినా దాని పోషణ యజమాని మీద ఉంటుందని రాశారు. చేప ధర దుకాణదారుకు చెల్లించాము. దాని హక్కు ఇంకా చెల్లించాల్సి ఉంది. ఆ స్తోమత, తీరిక లేకపోతే బాగా చూసుకోగలవారికి ఇచ్చివేయండి. పెంచకపోవడంలో పాపం లేదు, పెంచి వదిలేయడంలో ఉంది.

అయితే చెరువులో వదలకండి. హుస్సేన్‌సాగర్‌లోనో మరో చెరువులోనో వదిలితే పుణ్యం అనుకోవద్దు. జబ్బు అక్కడి చేపలకు అంటుకుంటుంది. బతికితే అక్కడి జీవాల తిండికి పోటీ అవుతుంది.

నయం కాకపోతే?

ఒంటి పొలుసులు దేవదారు కాయలా విచ్చుకుని పొట్ట ఉబ్బితే సాధారణంగా మూత్రపిండాలు చెడ్డాయని అర్థం. అటువంటివి కోలుకోవడం అరుదు. బాధ తగ్గించడానికి ప్రాణం తీయవచ్చా అన్న విషయంలో ఉలమాల మధ్య భిన్నాభిప్రాయాలున్నాయి. మీ దగ్గరి ముఫ్తీ సాహెబును అడిగి నడుచుకోండి. కాని ప్రతి పనిలోనూ ఇహ్‌సాన్ విధి అనీ, జిబహ్ చేసేటప్పుడు సైతం కత్తి పదును చేసి ప్రాణికి సుఖం కలిగించాలనీ హజ్రత్ షద్దాద్ బిన్ ఔస్ (రజి) ఉల్లేఖించిన హదీసు చెబుతోంది. బతికున్న చేపను టాయిలెట్‌లో వదలడం, నేల మీద పడేసి గిలగిల కొట్టుకోనివ్వడం ఇహ్‌సాన్‌కు పూర్తిగా విరుద్ధం. చనిపోయిన తర్వాత మట్టిలో పాతిపెట్టండి.

ఇక ఆ పిల్లవాడి సంగతి. అబూ ఉమైర్ పిట్ట చనిపోయిందని కొన్ని ఉల్లేఖనాల్లో ఉంది. దిగులుగా ఉన్న ఆ చిన్నవాణ్ణి దైవప్రవక్త (సఅసం) చూసి, కారణం తెలుసుకుని, ఆప్యాయంగా పలకరించారు. ఒక ఉమ్మతు బాధ్యతను మోస్తున్న మహనీయునికి పసివాడి పిట్ట చిన్న విషయంగా తోచలేదు. తండ్రులారా! చేప పోతే ఇంకోటి కొనిస్తాలే అని తేలికగా అనేయకండి. ప్రాణం అంటే విరిగిన బొమ్మ అని వాడు నేర్చుకుంటాడు. వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని నీళ్లు మార్పించండి. బఠాణీ వాడి చేతనే నలిపించండి. నయం చేసేవాడు అల్లాహ్ అని, ప్రయత్నించడం మన విధి అని వాడికి చెప్పండి. బతికితే షుక్ర్, పోతే సబ్ర్ వాడికి అలవడతాయి. రేపు మీరు మంచాన పడినప్పుడు మీ దగ్గర కూర్చునేది ఈ చేతులే.

దాహంతో ఉన్న కుక్కకు నీళ్లు తాపిన మనిషిని అల్లాహ్ క్షమించాడని, ప్రాణమున్న ప్రతిదాని విషయంలోనూ పుణ్యం ఉందని దైవప్రవక్త (సఅసం) శుభవార్త ఇచ్చారు. ఆ పుణ్యం వెతుక్కుంటూ ఎడారి బావి దాకా వెళ్లనక్కరలేదు. అది మన డ్రాయింగు రూములో, మనం అప్పగింత తీసుకున్న నీళ్లలో ఉంది.

ఓ అల్లాహ్! మాకు అప్పగించిన ప్రతి ప్రాణి హక్కునూ నెరవేర్చే భాగ్యం ప్రసాదించు. మా ఇళ్లను దుర్నమ్మకాల నుంచి కాపాడు. మా పిల్లల హృదయాల్లో కారుణ్యం నింపు. ఆమీన్.