దాతకు లజ్జ ఏల?

తైత్తిరీయోపనిషత్తునందలి శిక్షావల్లిలో, చదువు ముగించి ఇంటికి మరలు శిష్యునకు ఆచార్యుడు దానవిధిని ఉపదేశించును. శ్రద్ధతో ఇమ్మనుటలో వింత లేదు. కలిగినంతలో నిండుగా ఇమ్మనుటయు అందఱకు తెలిసిన మాటయే. కాని సిగ్గుతో ఇమ్మనియు, భయముతో ఇమ్మనియు ఆ ఆచార్యుడు చెప్పుట ఆలోచింపదగినది. లోకమున చేయి చాచువానికి సిగ్గు, చేయి విదల్చువానికి గర్వము. ఇది అందఱి అనుభవము. ఉపనిషత్తు దీనిని తలక్రిందులు చేసినది. పుచ్చుకొనువాడు తల వంచవలెనని అక్కడ చెప్పలేదు. లజ్జ దాతకు విధింపబడినది. తన సొమ్ము తాను ఇచ్చువానికి లజ్జ ఏల?

నిజామాబాదు జిల్లాలో బోధను ప్రాంతమున ఉన్న రుద్రూరు వంటి ఊరిలో ఈ ప్రశ్న ఏటేట దసరాతో కూడ వచ్చును. మంజీరపై 1923లో మొదలై 1931లో ముగిసిన నిజాంసాగరు నీటి చలువతో వరియు చెఱకును పండిన సీమ అది. రుద్రూరులో చెఱకు, వరి పైరులకు పరిశోధన కేంద్రము కలదు. చుట్టుప్రక్కల కోస్తా జిల్లాలనుండి వచ్చి స్థిరపడిన రైతుల ఊళ్లు క్యాంపులను పేరుతో నేటికిని ఉన్నవి. ఇట్టి చోట ఆయుధపూజ అనగా ఒకనాడు నాగలి, కొడవలి, గొడ్డలి. నేడు ట్రాక్టరు, వరికోత యంత్రము, మోటారు సైకిలు, కారు. వాహనమును కడిగి, పసుపు కుంకుమలు దిద్ది, బంతిపూల దండ వేసి, చక్రముల క్రింద నిమ్మకాయలు పెట్టి, గుమ్మడికాయ కొట్టుదురు. సాయంకాలము పాలపిట్టను చూచి, జమ్మి ఆకు తెచ్చి పెద్దల చేతిలో పెట్టి పాదములకు మ్రొక్కుదురు.

అట్టి ఊరిలో కారులు గలవారు కొందఱు ఒక సంఘముగా కూడి, పండుగ సందర్భమున పేద కుటుంబములకు బియ్యము, పప్పు, నూనె, వృద్ధులకు దుప్పట్లు పంచుదమని తలచిరనుకొందము. ఇది ఊహకు అందని విషయము కాదు. అమెరికా దేశమున కారులపై మక్కువ గలవారి సంఘములు అనేకము కలవు. పాత కారులను మెఱుగు పెట్టి ఒకరికొకరు చూపుకొనుట వారి వేడుక. ఆ సంఘములలో పెక్కు క్రిస్మస్ రాగానే తమ ఊరి పేద ఇండ్లకును, ఒంటరి వృద్ధులకును ఆహారము, బొమ్మలు, బట్టలు సమకూర్చుచుండును. 1947లో లాస్ ఏంజెలెస్ నగరమున మెరైన్ దళ రిజర్వు సైనికులు పేద పిల్లల కొఱకు ఆరంభించిన బొమ్మల సేకరణకు ఇట్టి కారు సంఘములు నేటికిని తోడ్పడుచున్నవి. వేడుకకై కూడినవారికి వితరణబుద్ధి పుట్టుట మంచిదే. విలాసము చేయువాడు దానము చేయరాదని ఏ శాస్త్రమును నిషేధింపలేదు. ఐనను ఆ బుద్ధి ఏ రూపమున బయటకు వచ్చుచున్నదను దానియందే చిక్కు ఉన్నది.

సాధారణముగా జరుగు తీరు అందఱు చూచినదే. ఒక పందిరి, ఒక వేదిక, వెనుక దాతల పేర్లతో పెద్ద గుడ్డ. వృద్ధులు ఉదయమునుండి ఎండలో కూర్చుండవలెను. ముఖ్య అతిథి ఆలస్యముగా వచ్చును. ఒక్క దుప్పటిని నలుగురు దాతలు నాలుగు మూలల పట్టుకొందురు. నడుమ ఒక ముదుసలి. ఆమె దుప్పటివైపు కాక ఛాయాచిత్రము తీయువానివైపు చూడవలెను. ఆ చిత్రము మఱునాడు పత్రికలో వచ్చును. ఇప్పుడైతే ఆ నిమిషముననే ఊరందఱి చేతిలోని ఫోనులలోనికి చేరును. ఆమె మనుమడు చదువు పాఠశాలలో తోటి పిల్లలు దానిని చూతురు. దుప్పటి చలికాలమంతయు కాచునేమో గాని, ఆ చిత్రము అంతకంటె ఎక్కువకాలము ఉండును.

ఆ ముదుసలి ఎవరు? ఈ సీమలో ఆ ప్రశ్నకు చరిత్ర జవాబు చెప్పును. 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారము బోధనులో శక్కర్‌నగరమును ఒక పట్టణముగానే నిలిపినది. ఆసియాఖండముననే పెద్దదని అది ఒకప్పుడు పేరొందెను. గానుగ కాలము వచ్చిన చెఱకు బండ్లు బారులు తీరెడివి. చెఱకు నఱకువారు, మోయువారు, కర్మాగారమున పనిచేయువారు, వారిని నమ్ముకొన్న అంగళ్లవారు, అందఱ ఇండ్లలో పండుగ ఆ తీపినుండియే వచ్చెడిది. 2002లో కర్మాగారమున ఎక్కువ భాగము ప్రైవేటు యాజమాన్యము చేతికి పోయెను. 2015 డిసెంబరులో అది మూతపడెను. నేడు దుప్పటి కొఱకు వరుసలో నిలుచున్న వృద్ధుడు ఒకనాడు పండుగకు తన జీతముతో ఇంటిల్లిపాదికి బట్టలు కొన్నవాడు కావచ్చును. నేడు కారెక్కి వచ్చి దుప్పటి ఇచ్చువాని తండ్రి పొలములో చెఱకు నఱకినవాడును కావచ్చును. ఆ కారు ఆ పొలమునుండి వచ్చినది. ఆ పొలము కాలువ నీటినుండియు, కూలివాని చేతులనుండియు పండినది. నాది ఇచ్చుచున్నాను అనుటకు నోరు రాకపోవుట లజ్జకు మొదటి కారణము. ఇచ్చుటలో కొంత తిరిగి ఇచ్చుట కలదని ఎఱిగినవానికి గర్వించుటకు చోటు చిక్కదు.

భయము మాట వేఱు. భయమనగా పరలోకభీతి అని కొందఱందురు. అంతకంటె దగ్గఱి భయము ఒకటి కలదు: తాను ఇచ్చినది ఎదుటివానిని నొప్పించునేమో యన్న భయము. అతిథికి వడ్డించు గృహిణికి ఇది సహజముగా ఉండును. ఉప్పు చాలినదో లేదో యని ఆమె అతిథి ముఖమును చూచును. వేదికమీది దాత చూపు ఎటు ఉండునో పైన చెప్పబడినది.

కఠోపనిషత్తులో వాజశ్రవసుడు యజ్ఞమున సర్వస్వమును దానము చేయుచు, పాలు ఉడిగి, గడ్డి నమలు శక్తియు లేని ఆవులను తోలి ఇచ్చుచుండగా చిన్నవాడైన నచికేతునికి ఆ భయము కలిగినది. తండ్రికి కలుగలేదు. ఆ కథ అంతయు ఆ భయమునుండియే పుట్టినది. చిరిగిన బట్టలు, కాలము తీరిన మందులు, పురుగు పట్టిన బియ్యము సంచిలో కట్టి ఇచ్చువారు నచికేతుని తండ్రికి దగ్గఱి చుట్టములు. తెలంగాణ ప్రభుత్వము 2017లో బతుకమ్మ చీరలను పంచుట మొదలుపెట్టినది. దానివలన సిరిసిల్ల మరమగ్గములకు పని దొరకినది. ఐనను ఆ మొదటి సంవత్సరము కొందఱు స్త్రీలు చీర నాణ్యము బాగులేదని వీధిలోనే నిరసించిరి. ఊరక వచ్చినదానికి వంక పెట్టవచ్చునా అని పలువురు ముక్కుమీద వ్రేలు వేసికొనిరి. పెట్టవచ్చును. పండుగనాడు బతుకమ్మ చుట్టు తిరుగునప్పుడు తన ఒంటిమీది చీర తనకు నచ్చవలెనని కోరుటకు పేదరాలు అనర్హురాలు కాదు.

జమ్మి ఆకును బంగారమని పిలుచుటకు లోకమున ఒక కథ చెప్పుదురు. దాని మూలము కాళిదాసు రఘువంశమున ఐదవ సర్గలో ఉన్నది. జమ్మిచెట్టు మాత్రము జనులు తరువాత చేర్చుకొన్నది. విశ్వజిద్యాగమున సర్వమును ఇచ్చివేసి మట్టిపాత్రతో అర్ఘ్యమిచ్చు స్థితిలో ఉన్న రఘుమహారాజు కడకు, గురుదక్షిణకై పదునాలుగు కోట్లు కావలసి కౌత్సుడు వచ్చును. రాజు స్థితిని చూచి అతడు మఱియొక చోటికి పోవ సిద్ధపడును. రఘువు పోనీయడు. కుబేరునిపై దండెత్త నిశ్చయింపగా రాత్రికి రాత్రి కోశాగారమున బంగారము కురియును. రాజు అంతయు తీసికొమ్మనును. కౌత్సుడు గురువునకు ఈయవలసినదానికి మించి ఒక్కటియు ముట్టనొల్లడు. అయోధ్యాజనులు ఆ ఇద్దఱిని సమానముగా కొనియాడిరని కవి చెప్పుట గమనింపదగినది. అక్కడ పుచ్చుకొనువాడును నిటారుగానే నిలుచున్నాడు.

బోధను ప్రాంతమువారికి ఇంకను దగ్గఱి కథ ఒకటి కలదు. భారతమందలి ఏకచక్రపురము బోధనే అని స్థానిక సంప్రదాయము; ఏకచక్రేశ్వరుని పేర అక్కడ శివాలయము కలదు. లక్కయింటినుండి తప్పించుకొన్న పాండవులు బ్రాహ్మణవేషమున ఆ ఊరిలో ఒకరి ఇంట తలదాచుకొని భిక్షాన్నముతో జీవించిరి. లోకమును ఏలవలసినవారు ఇల్లిల్లు తిరిగి బిచ్చమెత్తిరి. భిక్ష వేసిన ఏ ఇల్లాలికిని తాను ఎవరికి వేయుచున్నదో తెలియదు. సాయంకాలము కొడుకులు తెచ్చినదంతయు కుంతి ముందు పెట్టెడివారు. ఆమె సగము భీమునకు పెట్టి, మిగిలిన సగమును తానును తక్కిన నలుగురును పంచుకొనెడివారు.

ఈ పంపకమును నేటి సంఘములవారు మఱల మఱల చదువవలెను. అందఱకు ఒకే సంచి, ఒకే తూకము అనునది లెక్క వ్రాయుటకు సుకరము. ఏడుగురున్న ఇంటికిని, ఒంటరి ముదుసలికిని అదే ఐదు కిలోల బియ్యము; మధుమేహము గల వృద్ధునికిని అదే చక్కెర పొట్లము. కుంతి ఆకలిని చూచి పంచినది. ఆమె ఎవరి ఆకలి ఎంతయో ఎఱిగియుండుటచేతనే అట్లు చేయగలిగినది. ఎఱుగుటకు పందిరి చాలదు, ఇంటికి పోవలెను.

తరువాతి కథ తెలిసినదే. ఆశ్రయమిచ్చిన బ్రాహ్మణుని ఇంట బకాసురుని వంతు వచ్చినది. తండ్రి నేను పోదుననును, తల్లి నేననును, కూతురు నేననును. మాటలు సరిగా రాని పసివాడు ఒక గడ్డిపోచ పట్టుకొని దీనితో రాక్షసుని చంపుదుననును. ఏడ్పు విన్న కుంతి తన ఐదుగురిలో ఒకరిని పంపుదునన్నది. అతిథి ప్రాణముతో తన ప్రాణము కాచుకొనుటకు బ్రాహ్మణుడు ఒప్పుకొనలేదు. ధర్మరాజు తల్లిని మందలించెను. చేసిన మేలును మఱవక అంతకు మించి చేయుటయే మనుష్యుని తీరని కుంతి బదులు చెప్పినది. ఇందులో దాత ఎవరు, గ్రహీత ఎవరు? నిన్న తలదాచుకొన్నవారు నేడు ప్రాణదాతలైరి. భిక్షాపాత్ర పట్టిన చేయియే బకుని విఱిచినది. పుచ్చుకొనువాడు ఎల్లకాలము పుచ్చుకొనువాడే యని అనుకొనుట దాతకు కలుగు పెద్ద భ్రమ.

ఇంకొక విశేషము. ఈ సంగతి ఎవరికిని చెప్పవలదని కుంతి ముందే మాట తీసికొన్నది. అజ్ఞాతవాసపు భయము అందుకు కారణమే. ఐనను ఫలితము గుప్తదానమే. మఱునాడు పౌరులు వచ్చి అడుగగా, మంత్రసిద్ధి గల ఒక బ్రాహ్మణుడు దయతలచి అన్నము తీసికొనిపోయెనని ఇంటియజమాని చెప్పి ఊరకుండెను.

గుప్తముగా ఇచ్చినచో సంఘము నడచుట ఎట్లు అను ఆక్షేపణ కలదు. అది త్రోసివేయదగినది కాదు. పదిమంది సొమ్ము కూర్చినపుడు అది ఎటు పోయినదో పదిమందికి తెలియవలెను. ఒకరు ఇచ్చుట చూచి మఱియొకరు ఇత్తురు. అన్నదానముతో పేరొందిన లంకల గన్నవరపు డొక్కా సీతమ్మగారిని (1841–1909) లోకము ఎఱుగకున్నచో నేడు ఆమెను తలచి అన్నము పెట్టువారుండరు. ఐతే ఇక్కడ రెండు విషయములు కలగలిసినవి. బయట పెట్టవలసినది లెక్క. మఱుగున ఉంచవలసినది ముఖము. ఎంత వచ్చినది, ఎంత వ్యయమైనది, ఎన్ని ఇండ్లకు చేరినది అను కాగితమును గుడి గోడమీద అంటించినను తప్పు లేదు. ఆ ఇండ్లు ఎవరివో చెప్పుట తప్పు. తెలంగాణలో వృద్ధులకు ఆసరా పింఛను 2014లో వేయి రూపాయలుగా మొదలై 2019లో 2016 రూపాయలైనది. ఆ సొమ్మును వృద్ధులు తమ పేరున తాము తీసికొందురు. ఎవరితోను చిత్రము దిగనక్కఱ లేదు. ఆ నిబ్బరము దానమునకును అబ్బవలెను.

పాత్రాపాత్ర విచారము కూడ ఉన్నది. దేశము, కాలము, పాత్రము చూచి ఇచ్చినదే సాత్త్వికమని గీత పదునేడవ అధ్యాయమున చెప్పినది. ఈ పాత్రత అను మాటను పట్టుకొని పేదవానిచేత అతని పేదఱికమునకు సాక్ష్యము చెప్పించుట పరిపాటియైనది. ప్రత్యుపకారము కోరరాదన్న మాట అదే చోట ఉన్నను దానిని ఎవరును అంత గట్టిగా పట్టుకొనరు. అన్నము విషయమున ఈ విచారమే లేదు. తిరుమలలో 1985 ఏప్రిల్ 6న ఆరంభమైన నిత్యాన్నదానమున వరుసలోనికి వచ్చినవాడు ధనికుడా, దరిద్రుడా అని అడుగరు, ప్రక్కప్రక్కనే కూర్చుందురు. కాలము విషయమున ముస్లిములనుండి నేర్వదగినది కలదు. రంజాను ఫిత్రాను పండుగ నమాజుకు ముందే ఇచ్చివేయవలెనని వారి నియమము. పేదవాడును ఆనాడు పండుగ చేసికొనవలెనని దాని ఉద్దేశము. దసరా గడచిన పిదప, అతిథికి తీరిక చిక్కిన ఆదివారము పంచు బట్టలు పండుగ బట్టలు కావు.

ఇక కారుల సంఘము మాట. వారికి ఉన్నది కారు. బియ్యము ఊరిలోని ఏ వర్తకుడైనను ఈయగలడు. కన్ను పొరలు కమ్మిన ముదుసలిని బోధనుకో నిజామాబాదుకో ఆసుపత్రికి తీసికొనిపోయి, చికిత్స అయినదాక కూర్చుండి, మఱల ఇంటి గుమ్మమున దింపుట కారు గలవానికి సుకరము. ఆమెకు బస్సులు మాఱి పోవుట దుష్కరము. 1917లో షికాగోలో పుట్టిన లయన్స్ సంఘము 1925లో హెలెన్ కెల్లర్ వేడికోలు విన్న తరువాత కంటిచూపు పనిని చేపట్టి నేటికిని విడువలేదు. ఒకనాటి పంపకమై అది ముగియలేదు. నెలకు ఒక్క దినము ఒక్కొక్క కారు, ఇద్దఱు ముదుసలులు; ఇంతకంటె పెద్ద ఏర్పాటు అక్కఱ లేదు. సంచి బరువైనచో అదే కారులో ఇంటికి చేర్పవచ్చును. దారిలో మాటలు నడచును. ఆమె చెఱకు నఱకిన కాలపు సంగతులు చెప్పును, ఏ కాలువ క్రింద ఏ పొలము ఎవరిదో చెప్పును, బండి నడపువాని తాతను ఎఱుగుదుననియు చెప్పును. ఆయుధపూజనాడు బంతిదండ వేసికొన్న ఆ వాహనము కార్తికమున ఆమె రెండవ కంటి చికిత్సకై తిరిగి వాకిట నిలుచును.