యూనిఫాం విప్పిన తర్వాత

సైనికుడి సేవ యూనిఫాంతోనే ముగుస్తుందా? ముగియదు. కెప్టెన్ సి.పి. కృష్ణన్ నాయర్ జీవితమే అందుకు సాక్ష్యం. కేరళలోని కన్నూరు ఆయన సొంతూరు. 1951లో సైన్యం నుంచి బయటికి వచ్చారు. మామగారి చేనేత వ్యాపారం అందుకున్నారు. మద్రాసు గళ్ల బట్టను అమెరికాకు అమ్మారు. ఉతికినప్పుడల్లా రంగు దిగే బట్ట అది. కొన్నవాళ్లు మొదట మండిపడ్డారు. రంగు దిగడమే దాని అందమని ప్రచారం జరిగాక, అదే మోజైంది. ఇక్కడ మగ్గాలకు పని దొరికింది.

లాభం కోసం చేసింది సేవ ఎలా అవుతుందని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. కానీ దానం ఒక పూట అన్నం పెడుతుంది. గిరాకీ ఉంటేనే మగ్గం ఏడాది పొడవునా ఆడుతుంది. అరవై దాటాక ఆయన ముంబయిలో భార్య లీల పేరిట హోటల్ కట్టారు. విరివిగా చెట్లు నాటించారు. చివరి ఏళ్లలో ఆయన హోటల్ కంపెనీని అప్పులు చుట్టుముట్టిన మాటా నిజమే. ఆ అప్పులు ఆయన వ్యాపార అంచనాలను ప్రశ్నిస్తాయి. ఆయన కల్పించిన ఉపాధిని మాత్రం చెరిపేయలేవు. 2010లో దేశం పద్మభూషణ్ ఇచ్చింది. 2014లో ఆయన కన్నుమూశారు.

సేవ యూనిఫాంతో ముగియదు. మన వీధిలోని మాజీ సైనికుణ్ణి పాత యుద్ధాల గురించే అడగడం చాలదు. ఊరి పనిలో ముందు నడవమనీ అడుగుదాం.