ఈ రాగము ఎక్కడిది?

ప్రియ చదువరీ, నీ సంఘములో ఎవరైన ఒక క్రొత్త కీర్తన పాడినప్పుడు పెద్దలు మొదట అడుగు ప్రశ్న ఏది? మాటలు వాక్యానుసారముగా ఉన్నవా అని అడుగువారు కొందరు కలరు. కాని ఎక్కువమంది అడుగునది, "ఈ రాగము ఎక్కడిది?" అనియే. నేనును ఒకప్పుడు ఆ ప్రశ్న అడిగితిని. అడిగి, నేనే తీర్పు చెప్పితిని. ఆ సంగతి నీకు చెప్పవలెనని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

ఇరువది అయిదు సంవత్సరములు దాటినవి. అప్పుడు నేను సెమినరీనుండి క్రొత్తగా వచ్చినవాడను. దివిసీమలోని ఒక పల్లె సంఘము నాకు అప్పగింపబడెను. అచ్చట ఒక ముసలమ్మ యుండెను. ఆమెకు చదువు రాదు. నాట్లకును కలుపులకును పోయి బ్రదుకు గడుపుకొనునది. శ్రమల దినములలో ఒక ఆదివారము సాయంకాలమున ఆమె లేచి, తాను కట్టిన పాట యొకటి పాడెదనని అడిగెను. సిలువ మోసికొని పోవుచున్న ప్రభువును గూర్చిన పాట అది. ఒక చరణము ముగియకమునుపే స్త్రీలందరు అందుకొని పాడసాగిరి. ఎందుకనగా అది వారు మడిలో వంగి నాట్లు వేయునప్పుడు పాడుకొను వరుస. నేను చెయ్యెత్తి ఆపితిని. "అమ్మా, అది పొలములో పాడుకొనే పాట. దేవుని మందిరములో తగదు" అంటిని. ఆమె, "చిత్తం అయ్యగారూ" అని కూర్చుండెను. ఆమె నోట ఆ పాటను నేను మరల వినలేదు.

అదే సంవత్సరము మంచి శుక్రవారమున నేనేమి చేసితినో వినుము. ముండ్ల కిరీటము ధరించిన ప్రభువు శిరస్సును గూర్చిన కీర్తన ఒకటి సెమినరీలో ఇంగ్లీషున నేర్చుకొంటిని. దాని రాగము జర్మను దేశపుది. ఆ రాగమును హార్మోనియముమీద మెల్లగా వాయించి, "ఇది పరిశుద్ధమైన రాగము" అని సంఘమునకు చెప్పితిని. వారు మర్యాదగా వినిరి.

ఆ పరిశుద్ధమైన రాగము పుట్టుక ఎట్టిదో నాకు చాల కాలము తరువాత తెలిసెను. న్యూరెంబర్గు పట్టణమున పుట్టిన హాన్స్ లియో హాస్లర్ అను సంగీతజ్ఞుడు 1601లో దానిని అచ్చు వేయించెను. అది ప్రేమపాట! ఒక కన్యకను వలచి మనస్సు చెదరినవాని పాట. 1613 నాటికి అదే రాగము మరణమునకు సిద్ధపడు విశ్వాసి కీర్తనకు కూర్చబడెను. 1656లో పౌలు గెర్హార్ట్ అను లూథరను బోధకుడు ప్రభువు గాయపడిన శిరస్సును గూర్చి వ్రాసిన కీర్తన ఆ రాగముతో కలిసికొనెను. 1727లో మంచి శుక్రవారమున లైప్‌జిగ్ పట్టణపు దేవాలయములో యోహాన్ సెబాస్టియన్ బాఖ్ రచించిన మత్తయి సువార్త శ్రమల గానము వినిపించినప్పుడు, ఆ రాగము అందులో అయిదుమార్లు వచ్చెను. 1734లో అతడే క్రిస్మసు గానములోను దానిని వాడెను. తొట్టిలోని శిశువునకును సిలువమీది ప్రభువునకును ఒకే రాగము! దాని మొదటి మాటలు నేడు ఎవరికి జ్ఞాపకమున్నవి? సంగీతచరిత్ర చదువువారికి తప్ప మరెవరికిని లేవు.

ఇట్టి సంఘకీర్తనలను జర్మనులు కోరాలులందురు. గాయకబృందము మాత్రమేగాక సంఘమంతయు తన స్వభాషలో పాడు పాట కోరాలు. 1524లో అచ్చయిన లూథరువారి మొట్టమొదటి కీర్తనల పుస్తకములో ఎనిమిది కీర్తనలే యుండెను. వాటిలో నాలుగు మార్టిన్ లూథరు వ్రాసినవి. రాగములు ఎక్కడనుండి వచ్చెను? కొన్ని ప్రాచీన లాటిను కీర్తనలనుండి, కొన్ని క్రొత్తగా, కొన్ని జనుల పాటలనుండి వచ్చెను. ఇన్స్‌బ్రుక్ అను ఊరిని విడిచిపోవు బాటసారి పాట, ఈ లోకమును విడిచిపోవు క్రైస్తవుని పాటగా మారెను.

కృష్ణకు ఆవలి ఒడ్డున ఉన్న గుంటూరికి 1842లో వచ్చిన ఫాదర్ హయ్యరుగారు జర్మనీలో పుట్టి అమెరికానుండి వచ్చిన లూథరను మిషనెరీ. కోరాలులు పాడిన జనములోనివాడే. అయితే మన తెలుగు సంఘము కోరాలులతోనే తృప్తిపడలేదు. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) కర్ణాటక రాగతాళములలో కీర్తనలు రచించిరి. నీ చేతిలోని ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెరచి చూడుము. కీర్తన తలపైన రాగము పేరు, తాళము పేరు కనబడును. త్యాగరాజుగారు రాముని పాడిన సంగీతమే అది. దానిని మనము అన్యమని త్రోసివేసితిమా? లేదు. పైగా అది మన గౌరవమనుకొంటిమి.

మరి నాట్ల వరుసను నేనెందుకు త్రోసివేసితిని? ఈ ప్రశ్నకు నాకు వచ్చిన జవాబు నాకే రుచింపలేదు. జర్మను ప్రేమపాట పుస్తకములో అచ్చయి వచ్చినది గనుక పరిశుద్ధమాయెను. కర్ణాటక రాగము పండితుల నోటినుండి వచ్చినది గనుక యోగ్యమాయెను. ముసలమ్మ వరుస కూలిజనుల నోటినుండి, బురద కాళ్లతో వచ్చినది గనుక తగనిదాయెను. నేను రాగమును తూచితినని యనుకొంటిని గాని తూచినది మనుష్యులను. కులము సంఘములో లేదని ప్రసంగించిన నోటితోనే రాగములకు కులము కట్టితిని.

అట్లయిన ఏ రాగమైనను పాడవచ్చునా అని నీవడుగుదువు. న్యాయమైన ప్రశ్నయే. నేటి యువకులు సినిమా వరుసలకు మాటలు మార్చి తెచ్చుచున్నారు. ఆ వరుస వినగానే సంఘమునకు సిలువకు బదులు సినిమా తెర కనబడినయెడల, ఆ పాట తన పని చేయలేదు. విగ్రహములకు అర్పించిన మాంసమును గూర్చి పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి పత్రిక ఎనిమిదవ అధ్యాయము చదువుము. మాంసమునందు దోషము లేదు. బలహీనుడైన సహోదరుని మనస్సాక్షి గాయపడునా అనునదే అచ్చటి ప్రశ్న. లూథరే క్రిస్మసు కీర్తన ఒకదానిని 1535లో జనుల పాట రాగముతో అచ్చు వేయించెను. 1539 నాటికి దానికి వేరొక రాగము కుదిరెను. కాబట్టి ఒక రాగమును విడుచుటయు పాపము కాదు.

అయితే ఆ మాట నన్ను విడిపింపదు. ఆ సాయంకాలము ఎవరి మనస్సాక్షి గాయపడెను? స్త్రీలందరు ఆమెతో కలిసి పాడిరి గదా! అభ్యంతరపడినది నా చెవి యొక్కటే. దానిని బలహీనుని చెవి యనుటకు వీలులేదు. అది గర్వించిన చెవి.

గర్వమను మాట వచ్చినది గనుక బాఖ్ సంగతి యొకటి చెప్పెదను. ఆర్గాను అనగా, తిత్తులు నింపిన గాలి గొట్టములగుండ పోయి పలుకు గొప్ప వాద్యము. చేతులతోను పాదములతోను వాయింతురు. సంఘము పాడకమునుపు ఆర్గాను వాయించువాడు ఆ కీర్తన రాగమును కొంత అల్లి వినిపించును. బాఖ్ ఇరువది యేండ్ల వయస్సున ఆర్న్‌స్టాట్ ఊరి దేవాలయములో ఆ పని చేయుచుండెను. నాలుగు వారములు సెలవు పుచ్చుకొని, సుమారు 400 కిలోమీటర్లు కాలినడకన లూబెక్ పట్టణమునకు పోయి, బుక్స్‌టెహూడె అను పెద్దవాని వాద్యము విని, నాలుగు నెలలకు తిరిగి వచ్చెను. 1706 ఫిబ్రవరిలో సభపెద్దలు అతనిని పిలిచి, కీర్తనలలో వింత స్వరములు కలిపి సంఘమును తికమక పెట్టుచున్నావని గద్దించిరి. మునుపు మిక్కిలి దీర్ఘముగా వాయించెడివాడట. అది తగదనగా మరీ పొట్టిగా వాయించెనట. యౌవనుడు గదా!

పెద్దలదే తప్పని సంగీతప్రియులు నవ్వుదురు. నేను నవ్వలేను. పటమటలో మా మందిరమునకు బందరు రోడ్డు లారీల చప్పుడు చాలదన్నట్లు, కీబోర్డును లౌడుస్పీకరును కలిసి కొన్ని ఆదివారములు వృద్ధుల స్వరమును పూర్తిగా ముంచివేయును. పాడువాడు తన పొరుగువాని గొంతు వినలేకపోయిన అది సంఘగానమెట్లగును?

బాఖ్ తరువాత నేర్చుకొనెను. వైమార్ పట్టణములో అతడు "చిన్న ఆర్గాను పుస్తకము" ఆరంభించెను. 164 కోరాలులకు చోటు విడిచి, 46 మాత్రమే రచించెను. వాటిలో ఎక్కువ భాగము ఒక్కొక్కటి రెండు మూడు నిమిషములకు మించదు. రాగము పైస్వరములో తిన్నగా నడచును. క్రింది స్వరములు దానిని మోయును. మాటలుండవు. అయినను వినువారికి కీర్తన కంఠస్థము గనుక మాటలు వారి మనస్సులోనే మెదలును. మిగిలిన పుటలలో కీర్తన పేరు పైన వ్రాసి, క్రింద ఖాళీగా విడిచెను.

గత సంవత్సరము మందిర ప్రతిష్ఠ పండుగకు ఆ దివిసీమ పల్లెవారు నన్ను పిలిచిరి. ముసలమ్మ నిద్రించి చాల యేండ్లాయెను. శ్రావణమాసము, కాలువగట్టుమీద మా ఆటో ఆగినప్పుడు ప్రక్క మడిలో స్త్రీలు నాట్లు వేయుచు పాడుచుండిరి. అదే వరుస. ఆమె మనుమరాలును వారిలో నుండెను. గట్టు దిగి, "అమ్మా, మీ మామ్మ ప్రభువుమీద కట్టిన పాట నీకు వచ్చునా?" అని అడిగితిని. "ఈ వరసే వచ్చండి. ఆ మాటలు మా మామ్మ మాకు చెప్పలేదండి. అయ్యగారు వద్దన్నారంట" అనెను. ఆ అయ్యగారు నేనేనని ఆమెకు తెలియదు. చెప్పితిని. ఆమె నారుకట్ట చేత పట్టుకొని ఊరకుండెను.

మరునాడు ఆరాధనలో కానుకలు పట్టు సమయమున నేనే హార్మోనియము ముందు కూర్చుండి ఆ వరుసను మాటలు లేకయే వాయించితిని. వెనుక చాపమీది వృద్ధ స్త్రీలిద్దరు ఒకరినొకరు చూచుకొనిరి. ఆరాధన ముగిసిన తరువాత వారియొద్దకు పోయితిని. "అది నాట్ల పాట గదండీ" అని ఒకామె అనెను. రెండవ ఆమె ఏమియు అనక, కండ్లు మూసికొని, ప్రభువు సిలువ మోసిన దారిని గూర్చిన ఒక్క పాదమును మెల్లగా పాడెను. తరువాతి పాదము చాలసేపు వెదకెను; దొరకలేదు. దొరికిన పాదమును నా కీర్తనల పుస్తకము చివరనున్న ఖాళీ పుటలో వ్రాసికొని, క్రింద చోటు విడిచితిని.